హైదరాబాద్ ఫైర్ సర్వీస్: నిచ్చెన పొడవు గురించే ఎందుకు మాట్లాడుతున్నాం?

2025 మే 18, ఆదివారం పొద్దున చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. కింద నగల దుకాణాలు, పైన ఇల్లు. లోపలికి సొరంగంలాంటి దారి ఒక్కటే, ఆ తర్వాత మీటరు వెడల్పున్న మెట్లు. ఫైరింజన్లు వరసగా వచ్చాయి, రోబోను కూడా తెచ్చారు. ఎదురుగా మనిషి వస్తే గోడకు ఆనుకుని దారి ఇవ్వాల్సిన మెట్లవి. అక్కడ రోబో ఏం చేస్తుంది పాపం?

పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ మన చర్చ బ్రాంటో స్కైలిఫ్ట్ మీదకు, అంటే ఎత్తైన అంతస్తులకు చేరే నిచ్చెన బండి మీదకు పోతుంది. ఫిన్లాండ్ కంపెనీ తయారీ. మన దగ్గరున్నది 54 మీటర్లది, అంటే సుమారు 17, 18 అంతస్తులు అందుతుంది. ముంబైలో 90 మీటర్లది ఉంది, మనకెందుకు లేదు అంటాం. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నప్పుడు ఆ టెన్షన్ సహజమే. కానీ 90 మీటర్లదైనా వాటి పై అంతస్తులకు అందదు. అంత ఎత్తులో కాపాడాల్సింది ఆ భవనంలోనే ఉండే స్ప్రింక్లర్లు, పంపులు, పొగ చొరబడని మెట్లదారి. పైగా బ్రాంటో నిలబడాలంటే నాలుగు వైపులా కాళ్లు చాపుకునే చోటు కావాలి. పాతబస్తీ సందులో అది మలుపే తిరగదు.

మనవాళ్లు ఎక్కడ చనిపోయారో ఒకసారి చూడండి. 2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోదాములో 11 మంది బిహార్ కూలీలు. పైన పడుకున్నవాళ్లకు దిగడానికి ఒకే ఒక్క గుండ్రటి ఇనుప మెట్ల దారి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది. సెల్లార్‌లో ఎలక్ట్రిక్ బైకులు, పైన లాడ్జి. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 గురు, నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో 9 మంది. అక్కడ కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. గుల్జార్ హౌజ్‌తో కలిపితే 51 మంది. స్వప్నలోక్ ఒక్కటే కాస్త ఎత్తైనది. అక్కడ కూడా బ్రాంటో అందక ఎవరూ పోలేదు, పొగకు ఊపిరాడక పోయారు.

పొగలోకి మనిషి వెళ్లాలంటే కావాల్సింది బీఏ (బ్రీతింగ్ అపరేటస్) సెట్, అంటే వీపున సిలిండర్, ముఖానికి మాస్క్. టీవీల్లో దాన్ని ఆక్సిజన్ మాస్క్ అంటారు గానీ అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, ఒత్తిడితో నింపిన మామూలు గాలే. సిలిండర్ అరగంట, ముప్పావు గంట వస్తుందని లెక్క. మనిషిని భుజాన వేసుకుని మెట్లు దిగేవాడికి అంతసేపు రాదు. గాలి తగ్గితే విజిల్ మోగుతుంది, అప్పుడు పని వదిలేసి బయటికి రావాల్సిందే. ఒంటరిగా లోపలికి పంపకూడదు, జతగా వెళ్లాలి. అంటే మొదటి బండిలో వచ్చే నలుగురైదుగురిలో ఇద్దరు లోపలికి పోతే పంపు దగ్గర ఒకరు, గొట్టం దగ్గర ఒకరు, ఇక మిగిలేదెవరు? అందుకే స్టేషన్‌లో ఎన్ని బళ్లున్నాయి అని కాదు, ఒక షిఫ్టులో బీఏ సెట్ వేసుకుని లోపలికి దూరగలిగినవాళ్లు ఎంతమంది అని అడగాలి. కోట్లు పెట్టి కొన్న బ్రాంటోకు మంత్రులు జెండా ఊపుతారు. సిలిండర్లు నింపే కంప్రెసర్‌కు ఎవరు ఊపుతారు?

నీళ్ల సంగతీ అంతే. మామూలు ఫైరింజన్‌లో పట్టేది దాదాపు 4,500 లీటర్లు. ఒక్క గొట్టం గట్టిగా వదిలినా పది నిమిషాలకు అయిపోతుంది. ‘నీళ్లు లేకుండా వచ్చారు’ అని జనం తిట్టే సందర్భాల్లో చాలావరకు జరిగేది ఇదే. ఆ తర్వాత ట్యాంకర్లు ట్రాఫిక్‌ను చీల్చుకుంటూ రావాలి.

వ్యవస్థ ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో చిక్కు. రాజ్యాంగం 12వ షెడ్యూల్ అగ్నిమాపక సేవలను పట్టణ పాలక సంస్థల పనుల్లో చేర్చింది. ముంబై ఫైర్ బ్రిగేడ్ అక్కడి కార్పొరేషన్‌దే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఇది హోం శాఖ కింద రాష్ట్ర విభాగం. స్టేషన్ ఫైర్ ఆఫీసర్, ఆ పైన జిల్లా ఫైర్ ఆఫీసర్, అలా డైరెక్టర్ జనరల్ దాకా వెళ్తుంది. భవనం ప్లాన్‌కు అనుమతి ఇచ్చేది మునిసిపల్ అధికారులు. 2024లో హైడ్రా (హైదరాబాద్‌లో విపత్తులు, ఆక్రమణల పని చూసే సంస్థ) వచ్చాక విపత్తు సహాయక దళం దాని కిందికి పోయింది. ఒకే మంటకు మూడు చోట్ల నుంచి బళ్లు వస్తాయి. మంట రాకముందు చూడాల్సినవాళ్లు మాత్రం ఒకరి వైపు ఒకరు చూస్తారు.

అసలు మెలిక చట్టంలో ఉంది. 1999 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టాన్నే తెలంగాణ కూడా కొనసాగించింది. దాని ప్రకారం ఫైర్ శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) ప్రధానంగా ఎత్తును బట్టి నడుస్తుంది: వ్యాపార భవనమైతే 15 మీటర్లు, నివాసమైతే 18 మీటర్లు దాటాలి. జనం గుమిగూడే బడులు, హాళ్లకు కొలత వేరు. పైన చెప్పిన ప్రమాదాల్లో చాలావాటికి ఈ ఎత్తుల గీత వర్తించనే వర్తించదు. బ్యాటరీలు, పటాకులు, థిన్నర్ డబ్బాలు పెట్టుకున్న సెల్లార్ పైన రెండే అంతస్తులుంటే దాని ఎత్తు పది మీటర్లు కూడా ఉండదు.

గీతకు పైన ఉన్నా భరోసా లేదనుకోండి. ఎన్‌వోసీ రోజున మెరిసిన పరికరాలు ఐదేళ్లకు ఎలా ఉంటాయో మా అపార్ట్‌మెంట్‌లోనే చూశాను. మూడో అంతస్తు హోస్ బాక్స్ తెరిస్తే లోపల రెండు చీపుర్లు, ఒక బకెట్. గొట్టం ఎటు పోయిందో వాచ్‌మన్‌కూ తెలియదు.

నా మాటకు వస్తే ఎత్తు గీతను పక్కన పెట్టి, కింద సరుకు, పైన మనుషులు ఉండే ప్రతి భవనాన్నీ స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పరిధిలోకి తేవాలి. రెండో మెట్ల దారి లేకపోతే ఆ సెల్లార్‌కు సీల్ వేసే అధికారం ఆయనకే ఇవ్వాలి. తన స్టేషన్ చుట్టూ ఏ గల్లీలో ఏ షట్టర్ వెనక ఏముందో తెలిసేది ఆయనకే. ఈరోజు ఆయన చేతిలో ఉన్నది నోటీసు కాగితం. దాన్ని కూడా ముందు భవనం ఎత్తు కొలిచాకే రాయాలి.