మర్యాదగా కూర్చోబెట్టారు

మా వైపు ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్ళ కంటే ముందు కుర్చీ వస్తుంది. "కుర్చీ వెయ్యండ్రా" అని కేకేసిన తర్వాతే "ఇంతకీ ఎవరూ?" అని అడుగుతారు. పెళ్ళిళ్ళలో అలిగే చుట్టాల్లో సగంమంది కుర్చీ దగ్గరే అలుగుతారు. మిగతా సగం గారెలు చల్లారిపోయాయని. ఈ లోకజ్ఞానంతో డెబ్భై ఏళ్ళు బతికిన మా మామ్మని వాలీబాల్ పోటీకి తీసుకెళ్ళడం మా నాన్న చేసిన పొరపాటు. జట్టులో ఉన్నానని ఇంట్లో చెప్పుకోవడం అంతకుముందే నేను చేసింది.

1994 డిసెంబరు. తుఫానుకి రెండేళ్ళ ముందు అంటే కోనసీమలో అందరికీ లెక్క తెలుస్తుంది. మా కొబ్బరిచెట్లన్నీ అప్పటికింకా నిలబడే ఉన్నాయి. వాటిలో రెండింటి మధ్యే మా బడి వాలీబాల్ కోర్టు. నెట్టు లేదు. చెట్టుకీ చెట్టుకీ కొబ్బరితాడు కట్టేవాళ్ళం. బంతి తాడు పైనుంచి వెళ్ళిందా, కిందనుంచి వెళ్ళిందా అన్నది నోరున్నవాడు తేల్చేవాడు. నాకు నోరుంది. ఎత్తు కూడా ఉంది. తొమ్మిదో తరగతికే మా వంటింటి గుమ్మం నా నుదురు మీద రోజూ హాజరు వేసుకునేది. ఈ రెండూ చూసి డ్రిల్లు మేస్టారు నన్ను జట్టులోకి తీసుకున్నారు. బంతి మీదకొస్తే నేను కళ్ళు మూసేసుకుంటానని ఆయనకి వారం తర్వాత గానీ తెలియలేదు. అప్పటికే బనీను మీద నంబరు రాయించేశారు. 12. రాసినాయన షాపుల బోర్డులు రాసేవాడు కావడంతో అంకె చుట్టూ రెండు పువ్వులు కూడా వేశాడు.

జట్టులో పన్నెండుమంది. ఆడేది ఆరుగురు. ఈ రెండో అంకె నేను ఇంట్లో చెప్పలేదు.

పోటీలు నరసాపురంలో. మేమంతా మేస్టారితో తెల్లారే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే బల్లకట్టు పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటేశాం. సార్వా ధాన్యం ఇంటికొచ్చేసి ఊళ్ళో అందరికీ కాస్త తీరిక దొరికిన రోజులు. మ్యాచ్ మొదలయ్యే వేళకి మా ఇంటిల్లిపాదీ దిగింది. నాన్న, బాబాయి, పెళ్ళి సంబంధం వాయిదా వేసుకుని వచ్చిన మేనత్త, చంకలో సున్నుండల డబ్బాతో మామ్మ.

మామ్మ చూసిన దృశ్యం ఇది. ఎర్రటి ఎండలో ఆరుగురు పిల్లలు నిలబడి చెమటలు కక్కుతున్నారు. వేపచెట్టు నీడలో, మేస్టారి పక్కన, బెంచీ మీద, భుజాన తువ్వాలుతో నేను. పక్కనే మంచినీళ్ళ బిందె.

మామ్మ మొహం విచ్చుకుంది. "మావాణ్ణి ఎంత మర్యాదగా కూర్చోబెట్టారో చూడవే" అంది మేనత్తతో, చుట్టుపక్కల నలుగురికీ వినబడేలా.

పక్కన ఎవరో ఆవిడ అడిగింది. "మీ మనవడు ఏం చేస్తాడు మామ్మగారూ?"

"చూసుకుంటాడమ్మా."

ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"మరి ఆ బల్ల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాయన?"

"ఆయన వీళ్ళందరికీ మోతుబరి. ఆయన తర్వాత మావాడే." నా పక్కన అదే బెంచీ మీద ఇంకో అయిదుగురు ఉన్నారే అంటే, "ఒక్కణ్ణే కూర్చోబెడితే ఊసుపోవద్దూ?" అంది.

నాన్నకి ఆట తెలుసు. ఆయన ఏమీ అనలేదు. గోలీసోడా తాగే వంకతో నా దగ్గరికొచ్చి, బెంచీ కోడు ఒకసారి ఊపి చూసి, "గట్టిదేలేరా, సాయంత్రందాకా ఆగుతుంది" అని వెళ్ళిపోయాడు. గోదావరివాళ్ళకి వెటకారం చనుబాలతో వస్తుందంటారు. మా నాన్నకి ఇంకాస్త ముందే వచ్చినట్టుంది.

సాయంత్రందాకా అన్నది కూడా ఉత్తుత్తి మాట కాదు. ఇప్పుడంటే ప్రతి బంతికీ ఎవరికో ఒకరికి పాయింటు వచ్చి 25కి చకచకా అయిపోతోంది. అప్పట్లో గేము 15కే, కానీ సర్వీసు చేసిన జట్టు గెలిస్తేనే పాయింటు. లేకపోతే సర్వీసు అటు మారుతుంది, అంతే. 7-6 దగ్గర ఆగిందంటే చుట్ట కాల్చుకుని వచ్చినా 7-6 దగ్గరే ఉండేది. ఆ పాత లెక్క ఎంత పొడుగో ఆడినవాళ్ళకంటే బెంచీకి బాగా తెలుసు. ఈలోగా మావాళ్ళు ఒక పాయింటు కొట్టారు. మిగతా అయిదుగురూ చప్పట్లు కొడుతూ ఒక్కసారి లేచారు. చివర కూర్చున్న నేను బెంచీతో సహా తిరగబడ్డాను. ఆ మ్యాచ్‌లో దెబ్బ తగిలింది నాకొక్కడికే. మామ్మ కొంగు తడిపి మోచెయ్యి తుడిచి, "ఎంత కష్టపడుతున్నావురా నాయనా" అంది.

వచ్చినావిడ ఊరికే పోలేదు. డబ్బా మూత తీసి మేస్టారి చేతిలో రెండు సున్నుండలు పెట్టింది. "మావాణ్ణి బాగా చూసుకుంటున్నారు బాబూ, మీ రుణం ఉంచుకోను." మేస్టారు ఒకటి తిన్నారు. నెయ్యి బాగా దట్టించిన సున్నుండ అది. రెండోది సగంలో ఉండగా ఆయనకి నా మీద జాలి కలగడం నేను కళ్ళారా చూశాను. స్కోరు చూస్తే 13-8, మాదే పైచేయి. సర్వీసు కూడా మాదే. ఇంతకంటే క్షేమమైన సమయం ఆయనకి మళ్ళీ దొరకదు.

"ఒరేయ్ పొడుగూ, లే. సర్వీసు చెయ్యి."

నేను లేచాను. లేచానో లేదో, గ్రౌండు అవతలిదాకా వినబడేలా మామ్మ గొంతు.

"ఎందుకు లేపారండీ వాణ్ణి?"

"ఆడించడానికండీ" అన్నారు మేస్టారు.

"పంక్తిలో కూర్చున్నవాణ్ణి మధ్యలో లేపుతారా? ఇదెక్కడి మర్యాద? పొద్దుట్నుంచీ వాడేం తప్పు చేశాడని?" మామ్మ సున్నంతో గీసిన గీత దాటి కోర్టులోకి వచ్చేసింది. పైన రిఫరీ ఈల ఊదాడు. "మీరుండండి, కూర్చుని చెప్పడం ఎవరికైనా తేలికే" అంది ఆయనకేసి చూసి. నాన్న, బాబాయి చెరో రెక్కా పట్టుకుని ఆవిణ్ణి గీత దాటించారు. నాన్న భుజాలు అదురుతున్నాయి. అది నవ్వని నాకు తెలుసు.

బంతి తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. కొట్టాను. కళ్ళు తెరిచేసరికి బంతి నెట్టుకి తగిలి మా వైపే, అలిగిన కొత్తల్లుడిలా చతికిలబడి ఉంది. కానీ ఆర్నెల్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యెత్తి గట్టిగా అరిచాను.

"తాడు పైనుంచే వెళ్ళిందండీ!"

గ్రౌండంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. రిఫరీ బంతిని చూశాడు, నెట్టుని చూశాడు, నా బనీను మీద పువ్వుల్ని చూశాడు. ఆ తర్వాత నవ్వు ముందు అవతలి జట్టులో మొదలై, మా జట్టులోకి వచ్చి, సోడాబండి దాకా వెళ్ళింది. పాయింటు పోలేదు, సర్వీసు మాత్రం పోయింది. వాలీబాల్‌లో ఒక సదుపాయం ఉంది. నా కోసం బయటికెళ్ళినవాడు మళ్ళీ నా స్థానంలోకే ఒక్కసారి తిరిగి రావచ్చు. మేస్టారు ఆ సదుపాయాన్ని అక్కడికక్కడే వాడేశారు. నోట్లో సున్నుండ ఉండటంతో చేత్తోనే బెంచీ చూపించారు.

నేను కూర్చున్నాను. చెమట పట్టకపోయినా తువ్వాలుతో మొహం కప్పుకున్నాను. తువ్వాలు అవతల మామ్మ మాట స్పష్టంగా వినబడుతోంది.

"చూశావా! గట్టిగా అడిగేసరికి తప్పు తెలుసుకుని మళ్ళీ కూర్చోబెట్టారు."

మావాళ్ళు గెలిచారు. ఆ గెలుపులో నా వాటా గురించి మామ్మ రేవుదాకా రిక్షావాడికి చెప్తూనే ఉంది. పొద్దువాలాక పంటు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. సైకిళ్ళు, అరటిగెలలు, రెండు మేకలు. అంచున ఒక్క చెక్కబల్ల, దాని మీద చోటు ఒక్కరికే. మామ్మకి చూపించాను. ఆవిడ వద్దంది, నాన్న కూర్చోలేదు.

"నువ్వు కూర్చోరా" అన్నాడు నాన్న. "అనుభవం ఉన్నవాడివి."