మన దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ ఉందిగా

మొన్న ఉగాదికి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిల్లలంతా పచ్చడి గిన్నె చుట్టూ మూగి, వేపపువ్వు తగలకుండా బెల్లం ముక్కలు ఏరుకుంటున్నారు. ఆ మొహాలు చూడముచ్చటగా ఉన్నాయని జేబులోంచి నా చిన్న కెమెరా తీశాను. వెనక నుంచి మా షడ్డకుడి గొంతు.

"అన్నగారూ, కాస్త పక్కకి జరగండి. ఫ్రేమ్‌లోకి వస్తున్నారు."

జరిగాను.

"అసలు మీకెందుకండీ శ్రమ? మన దగ్గర డీఎస్‌ఎల్‌ఆర్ ఉందిగా."

ఆయన మెడలోని ఆ పెద్ద కెమెరాకి లెన్సు మార్చేలోపు పచ్చడి అయిపోయింది.

ఇలాంటి షడ్డకుడు మీకూ ఉండే ఉంటాడు. లేకపోతే బావమరిదో, టీమ్ లీడో ఉంటాడు. సంస్కారాలు పదహారే అని పెద్దలు చెప్పారు గానీ, వాళ్లు మా బెంగళూరు మారతహళ్లి చూడలేదు. ఇక్కడ పదిహేడోది ఒకటుంది. మొదటి బోనస్ పడగానే డీఎస్‌ఎల్‌ఆర్ ధారణ. స్ట్రాప్‌ని జందెంలా అడ్డంగా వేసుకోవాలి. ఆ తర్వాత ఆ మనిషి మామూలుగా పెళ్లికి వెళ్లలేడు, మామూలుగా భోజనం చేయలేడు. విస్తరిలో గోంగూర వడ్డించగానే కుర్చీ ఎక్కుతాడు.

సరే, కోపం పక్కన పెట్టి, చిన్న కెమెరాకీ పెద్ద కెమెరాకీ తేడా ఏమిటో నిష్పక్షపాతంగా, శాస్త్రీయంగా పరిశీలిద్దాం.

కెమెరాలో బొమ్మ పడే చోటుని సెన్సర్ అంటారు. మామూలు కాంపాక్ట్ కెమెరాలో దాని కొలత సుమారు 6.2 మిల్లీమీటర్లకి 4.6. చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. మా షడ్డకుడి కెమెరాలో 23.5కి 15.6. విస్తీర్ణంలో 13 రెట్లు. ఎంత పెద్ద సెన్సరైతే అంత వెలుతురు పడుతుంది, చీకట్లో బొమ్మ అంత శుభ్రంగా వస్తుంది. ఈ 13 అనే అంకె మా ఇళ్లలో పిల్లలకి ఎక్కాలకన్నా ముందే కంఠతా వచ్చింది. నాది ఈ రెంటికీ మధ్య రకం. 2012లో సోనీవాళ్లు ఆర్‌ఎక్స్100తో ప్రచారంలోకి తెచ్చిన జాతి. 240 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. దీని సెన్సర్‌ని 'ఒక అంగుళం' అంటారు. కొలిస్తే 13.2కి 8.8 మిల్లీమీటర్లు. మూల నుంచి మూలకి లాగినా అంగుళం రాదు. ఇదెలా అని వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటు కొన్నవాళ్లు అడగరు. వాళ్లకి సూపర్ బిల్టప్ ఏరియా తెలుసు.

కాబట్టి ఆయన సెన్సర్ నా దానికి మూడింతలు. ఒప్పుకున్నాను. కానీ దాని ముందు ఆయన తగిలించింది ఏమిటి? డబ్బాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు. ఎంత తెరిచినా ఎఫ్/3.5 దాటి తెరుచుకోదు. (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కిటికీ అంత పెద్దది.) నాది ఎఫ్/1.8. సెన్సర్ మీద ప్రతి చుక్కకీ దాదాపు నాలుగింతల వెలుతురు. కల్యాణ మండపమంత హాలు కట్టి బాత్రూమ్ కిటికీ పెట్టుకున్నాడు మహానుభావుడు. (జూమ్ చేస్తే నాదీ ఎఫ్/4.9కి ముడుచుకుపోతుంది. ఆ సంగతి ఆయనకి చెప్పకండి.) లెన్సు మార్చుకోవచ్చన్నదే కదా ఆ కెమెరా గొప్ప, 50 ఎమ్‌ఎమ్ ఎఫ్/1.8 అని చవకలో మంచి లెన్సు దొరుకుతుంది, అది కొనుక్కోమని ఒకసారి సలహా ఇచ్చాను. జాలిగా చూశాడు.

"దానికి జూమ్ లేదు కదండీ."

ఇంక లాల్‌బాగ్ సంగతి. అక్కడ ఏటా రెండుసార్లు, రిపబ్లిక్ డేకీ ఇండిపెండెన్స్ డేకీ, పూల ప్రదర్శన పెడతారు. జనవరిలో వెళ్లాం, రెండు కుటుంబాలూ కలిసి. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్, మెజెస్టిక్‌లో దిగి గ్రీన్ లైన్. కెమెరా బ్యాగు ఆయన భార్య భుజాన, ట్రైపాడ్ నా భుజాన, పిల్లాడు మా ఆవిడ చంకన. కళాకారుడి చేతులు ఖాళీగా ఉండాలి కదా.

1889లో శంకుస్థాపన జరిగిన గ్లాస్ హౌస్ అది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి కట్టారు. నూట ముప్పై ఏళ్లకి పైగా ఎందరినో భరించింది. ఆ రోజు లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. తాడు కట్టిన దారిలో ఒకరి వెనక ఒకరు నడవాలి. ఒక ఎర్ర గులాబీ దగ్గర మా షడ్డకుడు ఆగాడు. ఆయన ఆగితే బెంగళూరు ఆగింది. మోకాలి మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూశాడు. లేచాడు. లెన్సు మూత ఎవరి దగ్గరుందని అడిగాడు. లెన్సుకే ఉంది. మళ్లీ కూర్చున్నాడు. వెనక ఎవరో పెద్దాయన "ప్రెస్సా సార్?" అని అడిగాడు. అంతే, మావాడి వెన్ను నిటారుగా అయింది. ఆ ఒక్క ప్రశ్న కోసమే కదా వాయిదాల మీద కొన్నది! ఆ తర్వాత గులాబీని ఎడమ నుంచి, కుడి నుంచి, కింద నుంచి తీశాడు. గులాబీ అడగలేదు గానీ "కొంచెం లైట్ తగ్గింది" అని దానికి చెప్పాడు కూడా. వాచ్‌మన్ విజిల్ వేసి, ముందుకి కదలమని కన్నడంలో కేకేశాడు. "హోగి సార్, ముందే హోగి." మావాడు చెయ్యి ఎత్తి, ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌లా, ఆగమన్నాడు.

అప్పుడు నేను ఆ కెమెరా మీది చక్రం చూశాను. ఆకుపచ్చ డబ్బా మీద ఉంది. ఆటో మోడ్. కొన్న రోజు నుంచీ అది అక్కడే ఉందట. అదీ కెమెరాయే ఆలోచిస్తుంది, ఇదీ కెమెరాయే ఆలోచిస్తుంది, మధ్యలో ఈయన మోకాలు నొప్పి ఎందుకు? ఇంతలో ఆటో మోడ్‌కి వెలుతురు చాలలేదనిపించి నెత్తిమీద ఫ్లాష్ టక్కున లేచింది. ముందు లెన్సు హుడ్, అదే ఎండ పడకుండా పెట్టే గొట్టం, తగిలించి ఉంది. ఫ్లాష్ వెలుగుకి హుడ్ అడ్డం పడి ప్రతి ఫోటోలోనూ గులాబీ కింద అర్ధచంద్రాకారంలో నల్లటి నీడ. ఇంటికొచ్చి చూసుకుని, అంచుల్ని కావాలని నల్లబరిచే "విన్యెట్ ఎఫెక్ట్" అన్నాడు.

ఇంకో సంగతి. ఎస్‌ఎల్‌ఆర్ అంటే లోపల అద్దం ఉంటుంది. మనం కన్ను పెట్టి చూసేది ఆ అద్దం పంపించిన దృశ్యాన్ని. నొక్కగానే అద్దం టపీమని పైకి లేస్తుంది, చూసే కిటికీ చీకటైపోతుంది. అంటే ఫోటో పడిన ఆ క్షణాన్ని, అక్కడున్న అంతమందిలో చూడని మనిషి ఫోటో తీసినవాడొక్కడే. నా చిన్న కెమెరాలో ఈ బాధ లేదు. ఎండలో దాని స్క్రీన్ మీద అసలు ఏమీ కనపడదు.

చిన్నవాటికీ జబ్బులున్నాయి, లేవనను. స్కూల్ స్పోర్ట్స్ డే నాడు నా పాత కాంపాక్ట్ ఆలోచించుకుని క్లిక్‌మనేలోపు మా అబ్బాయి పరుగు పూర్తిచేసి నిమ్మరసం తాగుతున్నాడు. నా దగ్గర ఖాళీ గ్రౌండ్ ఫోటో ఉంది, బాగా వచ్చింది. పరిగెత్తే పిల్లాడికీ, ఎగిరే పిట్టకీ పెద్ద కెమెరాయే కావాలి. పిట్టని తీసేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లు తెల్లారకుండా లేచి చెరువు గట్టున నోరు మూసుకుని కూర్చుంటారు.

నా పేచీ వేరు. 2019లో మా షడ్డకుడి కొడుకు మొదటి పుట్టినరోజుకి మా ఆవిడ వాళ్ల అమ్మమ్మగారు నెల్లూరు నుంచి రైలెక్కి వచ్చారు. 86 ఏళ్లు. బాల్కనీలో కుర్చీ వేసి ఆవిణ్ని కూర్చోబెట్టాడు. రెండు చీరలు మార్పించాడు. "గడ్డం కొంచెం పైకి, అమ్మమ్మగారూ." ఆవిడ బోసినోటితో నవ్వారు. "నవ్వకండి, నేచురల్‌గా ఉండండి." నేను జేబులో చెయ్యి పెట్టాను. మీరు ఊహించిన మాటే అన్నాడు. నేను చెయ్యి తీసేశాను.

నాలుగు వందల ఫోటోలు, అన్నీ రా ఫార్మాట్‌లో. జేపెగ్ అయితే కెమెరాయే వండి వడ్డిస్తుంది, రా అయితే మనమే వండుకోవాలి. "ఎడిట్ చేసి పంపిస్తా" అన్నాడు. ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా "నాయనా, ఆ బొమ్మలు వచ్చాయా?" అని అడిగేవారు. రా, రా అంటే అవి వస్తాయా? దసరాకి రాలేదు, సంక్రాంతికి రాలేదు. మరుసటేడు ఆవిడే వెళ్లిపోయారు. పెద్దకర్మ నాడు గోడకి ఫోటో కావాలి. "హార్డ్ డిస్క్‌లో ఉన్నాయండీ, ఇంకా కలర్ కరెక్షన్ కాలేదు." ఏం కలరయ్యా? తెల్ల జుట్టు, నీలం చీర, దానికి కరెక్షన్ ఏమిటి? ఎవడడిగాడు నిన్ను? ఆధార్ కార్డు మీది ఫోటోని పెద్దది చేయించి దండ వేశాం. అందులో ఆవిడ పోలీసు స్టేషన్‌లో కూర్చున్నట్టుంటారు. బోసినవ్వు చేతికందే దూరంలో ఉంటే, జేబులో 240 గ్రాముల కెమెరా పెట్టుకుని, ఎవడో ఏదో అన్నాడని ఊరుకున్న వెధవని నేను. ఆ నాలుగు వందలూ ఇవాళ్టికీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

2020 తర్వాత కానన్, నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ ఒక్కటీ విడుదల చేయలేదు. అద్దం తీసేసి మిర్రర్‌లెస్‌కి వెళ్లిపోయారు. మా షడ్డకుడూ వెళుతున్నాడు, వాయిదాలు మాట్లాడుకున్నాడు. పాతది నన్ను సగం ధరకి తీసుకోమన్నాడు, కిట్ లెన్సు ఉచితం.

ఆయన కూతురు తొమ్మిదో తరగతి. ఉగాది నాడు టెర్రస్ మీద నా దగ్గరికొచ్చి, "పెద్దనాన్నా, నీ పాత కాంపాక్ట్ నాకిస్తావా? మా ఫ్రెండ్స్ అందరూ అవే వాడుతున్నారు, వింటేజ్ లుక్ వస్తుంది" అంది. స్పోర్ట్స్ డేని మింగిన ఆ కెమెరా సొరుగులోంచి తీసి, ఛార్జర్‌తో సహా ఇచ్చాను.

వాళ్ల నాన్న అటు నుంచి కేకేశాడు. "ఆటో మోడ్‌లో మాత్రం తీయకు తల్లీ."