అరవమన్నదీ మనమే, అరిస్తే తప్పన్నదీ మనమే

ఈ సంగతి బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ స్వయంగా చెప్పిందే. రియో ఒలింపిక్స్‌కి ముందు పి.వి. సింధు ఆటలో ఆయనకి నచ్చనిది ఆమె గొంతు. ఎంత మంచి పాయింట్ గెలిచినా నోరు మెదిపేది కాదు. ఒకరోజు గచ్చిబౌలి అకాడమీలో ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి, చుట్టూ తోటి ఆటగాళ్లు, కోచ్‌లు చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. ఆ అమ్మాయికి కన్నీళ్లొచ్చాయి గానీ అరుపు మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

ఆరడుగులకి కాస్త తక్కువ ఎత్తు, పై నుంచి కొడితే షటిల్ నేలకి అతుక్కుపోయేంత బలం. అలాంటి మనిషికి ఒక్క అరుపు అంత కష్టమెందుకైంది? ఆమెది ‘ఆడపిల్లవి, అణిగి ఉండు’ అనే ఇల్లు కూడా కాదు. అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు, నాన్నకి అర్జున అవార్డు కూడా వచ్చింది. అయినా గొంతు పెగల్లేదంటే ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా ఆ పాఠం బయట నుంచి వచ్చేసిందన్నమాట. మిగతా పిల్లలందరికీ వచ్చినట్టే.

ఈ మధ్య మా దగ్గర్లోని ఒక ఇండోర్ స్టేడియంలో చిన్నపిల్లల బ్యాడ్మింటన్ టోర్నీ చూడ్డానికి వెళ్లాను. పక్కపక్కన రెండు కోర్టులు. ఒకదాంట్లో పదేళ్ల కుర్రాడు ప్రతి పాయింట్‌కీ పిడికిలి బిగించి ‘కమాన్’ అంటున్నాడు, బల్ల మీద కూర్చున్న వాళ్ల నాన్న ‘అదీ! అలా ఉండాలి!’ అని తొడ చరుస్తున్నాడు. రెండో కోర్టులో రెండు జడల పిల్ల ఒక మంచి డ్రాప్ వేసి సంతోషం పట్టలేక కేక పెట్టింది. వాళ్లమ్మ వాటర్ బాటిల్ మూత తిప్పుతున్నదల్లా ఆగి, ‘అట్లా అరవకు నాన్నా, అందరూ చూస్తున్నారు’ అంది. కోపంగా ఏం కాదు, ముద్దుగానే. ఆ పిల్ల తలూపింది. ఆ తర్వాత గేమ్ అయిపోయేదాకా పాయింట్ గెలిచిన ప్రతిసారీ ముందు అమ్మ వైపు చూసింది.

ఆ అమ్మని తప్పుపట్టబుద్ధి కాలేదు. రేపు ఈ పిల్లని నలుగురూ ఏమంటారో ఆమెకి తెలుసు. ఆ నలుగురి దగ్గరా మాటలు సిద్ధంగా ఉంటాయి. మగపిల్లాడు అరిస్తే ‘దూకుడు’, ఆడపిల్ల అరిస్తే ‘పొగరు’. ఇంకాస్త గట్టిగా అరిస్తే ‘గయ్యాళి’. ఈ గయ్యాళి అన్న మాటకి తెలుగులో పుంలింగం ఉందేమో వెతికి చూడండి. సూర్యకాంతమ్మ పాత్రల దెబ్బకి కూతుళ్లకి ఆ పేరు పెట్టడమే మానేశారంటారు. విలన్ వేషాలు వేసిన మగనటుల పేర్లకి ఆ గతి పట్టిందని నేనైతే వినలేదు.

ఏడ్చే మగవాణ్ణి, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని మనకో సామెత ఉంది. ఇందులో మొదటి సగాన్ని మనం ఎప్పుడో వదిలేశాం. 2021 జనవరిలో సిడ్నీలో జాతీయగీతం వస్తుంటే మన హైదరాబాద్ సిరాజ్ కళ్లు తుడుచుకున్నాడు. దేశమంతా అతన్ని అక్కున చేర్చుకుంది, అలా చేర్చుకోవడం న్యాయమే. రెండో సగమే ఇంకా వదల్లేదు. గెలిచి గట్టిగా నవ్వే ఆడమనిషిని చూస్తే మనలో ఏదో చిరాకు మొదలవుతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రూల్ బుక్ వరకు చూస్తే పెద్దగా తేడా లేదు. 2024 డిసెంబర్‌లో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ని బౌల్డ్ చేసి పెవిలియన్ దారి చూపించినందుకు సిరాజ్‌కి మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత పడింది, తప్పు చేసినట్టు రికార్డులో పడే డీమెరిట్ పాయింట్ కూడా ఒకటి వచ్చింది. దానికి రెండు నెలల ముందు దుబాయ్‌లో టీ20 ప్రపంచకప్ మ్యాచ్‌లో పాకిస్థాన్ బ్యాటర్ నిదా దార్‌ని బౌల్డ్ చేసి అదే దారి చూపించింది అరుంధతి రెడ్డి. ఆమెదీ హైదరాబాదే. ఆమెకి మందలింపు, ఒక డీమెరిట్ పాయింట్. అంటే ఐసీసీ ఆమె పట్ల ఎక్కువ కఠినంగా ఏమీ లేదు. టెన్నిస్‌లో 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అంపైర్‌ని ‘దొంగ’ అన్నందుకు సెరెనా విలియమ్స్ ఒక గేమ్ పోగొట్టుకుంది. మగవాళ్లు ఇంతకన్నా ఎక్కువ అంటారు, వాళ్లకి ఇలా జరగదు అని ఆమె అక్కడే వాదించింది. తర్వాత గ్రాండ్‌స్లామ్‌ల జరిమానాల లెక్క తీస్తే రాకెట్లు విరగ్గొట్టి, నోరు పారేసుకుని జరిమానా కట్టినవాళ్లలో మగవాళ్లే చాలా ఎక్కువని తేలింది. కాబట్టి ఆడవాళ్లనే శిక్షిస్తున్నారని గుడ్డిగా అనడానికి లేదు.

తేడా శిక్ష దగ్గర కాదు, శిక్ష పడ్డాక మనకి గుర్తుండిపోయేదాని దగ్గర ఉంది. సిరాజ్ దూకుడు ‘డీఎస్పీ సాబ్’ మీమ్ అయింది. తెలంగాణ ప్రభుత్వం అతనికి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది కదా, బ్యాటర్ వైపు గుర్రుగా చూసినప్పుడల్లా లాఠీ బొమ్మ పెట్టి నవ్వుకుంటాం. అరుంధతి ఆరోజు 19 పరుగులకి 3 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అయింది. ఆమె మీద ఒక మీమ్ అయినా చూశారా? దూకుడుగా ఉన్నా ప్రేమించడం అనే వరం ఆమె దాకా రాలేదు.

హర్మన్‌ప్రీత్ కౌర్ సంగతి చూడండి. 2023 జులైలో మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో వన్డేలో అవుటిచ్చాక బ్యాట్‌తో వికెట్లని కొట్టింది. బహుమతుల వేళ మైకులో అంపైరింగ్‌ని తిట్టిపోసింది. అవతలి కెప్టెన్ నిగార్ సుల్తానా తన జట్టుని తీసుకుని ఫొటో దగ్గర్నుంచి వెళ్లిపోయేదాకా వచ్చింది వ్యవహారం. రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. నన్నడిగితే పడాల్సిందే. ఆడమనిషి కదా అని దాన్ని వెనకేసుకు రావడం కూడా ఒకరకం చిన్నచూపే. కానీ 2019 ఐపీఎల్‌లో జైపూర్‌లో ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకుందాం. అవుటై డగౌట్‌లో కూర్చున్న ధోనీ నో-బాల్ గొడవ మీద ఏకంగా మైదానంలోకి నడిచొచ్చి అంపైర్లతో వాదించాడు. మ్యాచ్ ఫీజులో సగం కోశారు. ఐపీఎల్ నియమాలు వేరు, ఐసీసీవి వేరు కాబట్టి శిక్షల్ని పోల్చడం లేదు. బిరుదు సంగతే అడుగుతున్నా. ధోనీ ఆ మర్నాడు కూడా ‘కెప్టెన్ కూల్’గానే ఉన్నాడు. కూల్‌గా ఉండే మనిషికే అంత కోపం వచ్చిందంటే అంపైర్లదే తప్పయి ఉంటుందని మా ఆఫీసులో వాదించినవాళ్లున్నారు. హర్మన్‌కి ఆ వెసులుబాటు దొరకలేదు. ఒక్క మధ్యాహ్నపు కోపం ఆమె స్వభావమైపోయింది.

మన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ అయితే అరవనూ లేదు, వికెట్లూ కొట్టలేదు. ఉత్తరం రాసిందంతే. ఒలింపిక్ క్వాలిఫయర్‌కి మేరీ కోమ్‌ని ట్రయల్ లేకుండా పంపుతామంటే, నాకూ ఒక అవకాశం ఇవ్వండి, రింగ్‌లో తేల్చుకుంటాం అని 2019లో క్రీడామంత్రికి రాసింది. పోటీ పెట్టమని అడగడం కన్నా క్రీడాస్ఫూర్తి ఏముంటుంది? దానికే ‘నిన్నగాక మొన్న వచ్చి ఆరుసార్లు ప్రపంచ చాంపియన్‌ని సవాలు చేస్తుందా’ అన్న రుసరుసలు. ట్రయల్ పెట్టారు, నిఖత్ 9-1తో ఓడిపోయింది. మేరీ కోమ్ చెయ్యి కూడా కలపలేదు. ముందు గౌరవం ఇవ్వడం నేర్చుకోమన్నట్టు మాట్లాడింది. అవును, ఈ ద్వంద్వనీతిని నడిపేది మగవాళ్లు మాత్రమే కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయ్యాక అదే ఉత్తరం ‘ధైర్యం’ అయింది. బంగారు పతకం వస్తే పొగరు పేరు మారిపోతుంది.

అన్నిటికన్నా తేటగా కనిపించేది మాత్రం అమెరికా ఉదాహరణ. 2023 ఏప్రిల్ 2న డల్లాస్‌లో మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 102-85తో అయోవా యూనివర్సిటీని ఓడించింది. చివరి క్షణాల్లో ఎల్‌ఎస్‌యూ ఆటగత్తె ఏంజెల్ రీస్, అయోవా స్టార్ కెయిట్లిన్ క్లార్క్ దగ్గరికి వెళ్లి ముఖం ముందు అరచెయ్యి ఆడించింది. రెజ్లర్ జాన్ సీనా చేసే ‘నన్ను నువ్వు చూడలేవు’ సైగ అది. చాంపియన్‌షిప్ ఉంగరం మాదే అన్నట్టు వేలూ చూపించింది. అంతే, పేరున్న వ్యాఖ్యాతలు సైతం ఆమెని రాయలేని మాటలతో తిట్టారు. తమాషా ఏంటంటే అదే సైగ అంతకు వారం ముందు లూయివిల్‌తో మ్యాచ్‌లో క్లార్క్ చేసింది. అప్పుడది ‘ఏం కాన్ఫిడెన్సో’ అనిపించుకుంది. చెయ్యి అదే, సైగ అదే, ఇద్దరూ అమ్మాయిలే. ఒకరు తెల్లమ్మాయి, ఒకరు నల్లమ్మాయి. ఆ తర్వాత అప్పటి ప్రథమ మహిళ జిల్ బైడెన్ గెలిచిన జట్టుతో పాటు ఓడిన జట్టునీ వైట్‌హౌస్‌కి పిలుద్దామన్నారు. రీస్‌కి మండిందంటే మండదా మరి.

అందుకే దీన్ని ‘మగ వర్సెస్ ఆడ’ అని గీత గీసి వదిలేయలేం. ఏ ఆడమనిషి అన్నది కూడా చూసే మాట్లాడతారు. అమెరికాని వేలెత్తి చూపేముందు మన వైపు కూడా చూసుకోవాలి. సింధు రియోలో ఫైనల్‌కి చేరుతుంటే మన రెండు రాష్ట్రాల్లో జనం గూగుల్‌లో ఎగబడి వెతికింది ఆమె కులం. 2021లో టోక్యోలో మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడిన రోజు హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చారు, దళితుల్ని జట్టులో పెట్టుకున్నందుకే ఓడిపోయామని అరిచారు. ఆ ఒలింపిక్స్‌లోనే దక్షిణాఫ్రికా మీద ఆమె హ్యాట్రిక్ కొట్టింది. కోర్టులో సంబరం హద్దు మీరిందని తీర్పులు చెప్పేవాళ్లు వీధిలో జరిగిన ఈ సంబరం గురించి ఎంత మాట్లాడారో గుర్తు చేసుకోండి.

మళ్లీ సింధు దగ్గరికి వద్దాం. చివరికి ఆమెకి గొంతు వచ్చింది. ఎంతగా అంటే, 2023 అక్టోబర్‌లో డెన్మార్క్ ఓపెన్ సెమీఫైనల్లో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్‌తో ఆడుతుంటే ఇద్దరినీ అరుపులు తగ్గించమని అంపైర్ పదే పదే హెచ్చరించాల్సి వచ్చింది, ఇద్దరికీ పసుపు కార్డులు చూపించారు. మారిన్ అరుపు గురించి కొత్తగా చెప్పేదేముంది, గ్యాలరీ చివరి వరస దాకా వినిపిస్తుంది. మనవాళ్లలో ఆమెని గయ్యాళి అనని ఇల్లు లేదు. కానీ ఆ మధ్యే సాత్విక్, చిరాగ్ కొరియా ఓపెన్ గెలిచి కోర్టులోనే గంగ్నమ్ స్టైల్ డ్యాన్స్ చేస్తే సాత్విక్ మన అమలాపురం కుర్రాడని ఎంత మురిసిపోయామో!

అవతల నిలబడి ఆ అరుపు భరించినవాళ్లు మాత్రం వేరేలా ఉన్నారు. ఏంజెల్ రీస్‌ని తప్పుపట్టాల్సిన పనే లేదని చెప్పింది క్లార్కే. రియో ఫైనల్లో మూడు గేమ్‌ల పాటు మారిన్ కేకలు విన్నది సింధు. ఓడిపోయాక నెట్ దాటి వెళ్లి, కోర్టు మీద బోర్లా పడి ఏడుస్తున్న మారిన్‌ని లేపి కౌగిలించుకుంది. కింద పడి ఉన్న ఆమె రాకెట్ తీసి ఆమె కిట్ బ్యాగ్ మీద పెట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో గెలుపు వైపు వెళ్తున్న మారిన్ మోకాలు తిరగబడింది, ఏడుస్తూ ఆట వదిలేసింది. దాంతో ఫైనల్‌కి వెళ్లింది అవతల ఆడుతున్న చైనా అమ్మాయి హె బింగ్‌జియావో. రజతం మెడలో వేసుకుని పోడియం మీద నిలబడినప్పుడు ఆమె చేతిలో ఇంకో చిన్న వస్తువు కనిపించింది. స్పెయిన్ పిన్.