సిఫారసు లేని సెలక్షన్

మా శ్రీకాకుళం జిల్లాలో ‘సెలక్షన్’ అన్న మాటకు ఉన్న గౌరవం ఇంకే మాటకూ లేదు. కుర్రాళ్లు తెల్లారగట్ల నాలుగింటికే లేచి రోడ్ల మీద పరుగులు తీసేది దానికోసమే. “మా పెద్దోడు ఆర్మీ సెలక్షన్ అయిపోనాడు” అని ఒక తల్లి అందంటే వీధంతా నోరు తీపి చేసుకోవాల్సిందే. సెలక్షన్ అంటే ముందు నోటిఫికేషన్ పడాలి. ఛాతీ కొలిచేవాడు ఉండాలి. జాబితా గోడకెక్కాలి. అందులో మనవాడి పేరు లేకపోతే “ఎవుడో డబ్బులు తినీసినాడు” అనుకునే వీలుండాలి.

ఇవేవీ లేకుండా చార్లెస్ డార్విన్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి 1859లో ప్రకృతి వరణం అని ఒక సెలక్షన్ గురించి పుస్తకం అచ్చేశాడు. దానికి దరఖాస్తు లేదు, కమిటీ లేదు. ఫలానా ఎమ్మెల్యే గారి తాలూకా అని చెప్పుకుందామంటే వినడానికి కుర్చీలో ఎవరూ లేరు. పుట్టినవన్నీ ఒక్కలా ఉండవట, ఆ తేడాల్లో కొన్ని పిల్లలకు దిగుతాయట, పుట్టినన్నీ బతకవట. బతికి పిల్లల్ని కన్నవాటి పోలికలే తరతరానికీ పెరుగుతాయట. అంతే, సెలక్షన్ అయిపోయింది. సెలక్టు చేసినవాడు లేని సెలక్షన్ మా జిల్లాకు మింగుడు పడదు. కనుక దీన్ని ఖండించి తీరాలని కలం పట్టాను.

డార్విన్ స్థానికేతరుడు, మనకు వర్తించడు అని మొదలుపెట్టబోయాను. కుదర్లేదు. ఈ సెలక్షన్‌కు 1924లోనే లెక్కలు కట్టిన జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ ఇంగ్లండు వదిలి మన దేశం వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. భువనేశ్వర్‌కూ కాకినాడకూ మధ్యన ఉన్నది మేమే.

పోనీ పోస్టుల సంఖ్య మీద పోరాడదామనుకున్నాను. మా తీరానికి ఏటా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి, ఒక్కో విడతకు వంద దాకా గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోతాయి. వెయ్యి పిల్లలు సముద్రంలో దిగితే ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు. డీఎస్సీ రాస్తున్న మా పిల్లలకు దీన్ని చూస్తే కాస్త ఊరట కలగొచ్చు.

తాబేలంటే గుర్తొచ్చింది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి గారు డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగన్నారు. శ్రీకూర్మం ఉన్న జిల్లావాణ్ణి కాబట్టి ఇందులో నాకు స్వార్థం లేకపోలేదు. పరిణామంలో రెండో మెట్టు మా గార మండలానికి దక్కుతోందంటే కాదనడానికి నేనెవర్ని? అయితే చిక్కొకటి ఉంది. స్వామి తలచుకుంటే అవతారం ఎత్తుతాడు. ఎవరూ తలచుకోకుండానే అవతారం ఎత్తినది ఒకటి మా వరిచేలో ఉంది. అది ఊద అనే కలుపు గడ్డి.

వరి మడిలో ఊదను పట్టడం పోలీసుల వల్ల కూడా కాదు. అదే పచ్చన, అదే ఎత్తు, అలాగే నిటారుగా నిలబడుతుంది. బీడుల్లో పెరిగే దాని చుట్టాలు ఇలా ఉండవు. కాళ్లు బార్లా చాపినట్టు పరుచుకుని, మొదలు ఎర్రగా, దూరం నుంచే దొంగ మొహంతో కనిపిస్తాయి. మరి మడిలో ఊదకు ఈ పెద్దమనిషి తరహా ఎక్కణ్ణుంచి వచ్చింది? కలుపు తీసే ఆడవాళ్ల చేతుల్లోంచి వచ్చింది. తేడాగా కనిపించినదాన్నల్లా వాళ్లు పీకి గట్టున పడేశారు. కాస్తో కూస్తో వరిలా ఉన్నది కన్నుగప్పి మిగిలి, గింజ రాల్చింది. మరుసటేడు ఆ గింజల్లోనే మళ్లీ ఏరివేత. ఒక్క ఊద మొక్క కూడా అద్దం ముందు నిలబడి వేషం కట్టలేదు. వేషం కుదరనివి వంశం లేకుండా పోయాయి, అంతే. చైనాలో యాంగ్‌ట్సీ ప్రాంతపు ఊద జన్యువులు చదివినవాళ్లు, అక్కడ ఈ నాటకం సుమారు వెయ్యేళ్ల కిందట మొదలైందని 2019లో అంచనా కట్టారు. వెయ్యేళ్లు నడుం వంచి కలుపు తీసినందుకు మనకు దక్కిన ఫలితం, ఇంకా బాగా దాక్కోగలిగిన కలుపు.

ఈ తరహా వేషానికి శాస్త్రంలో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరే పెట్టుకున్నారు. జన్యుశాస్త్రం ఏలినవారికి గిట్టని రోజుల్లో ఆయన్ను జైల్లో పెట్టారు. 1943లో అక్కడే పోయాడు. ప్రపంచానికి పంటల విత్తనాలు పోగుచేసి పెట్టిన మనిషి తిండి లేక పోయాడు. జీవశాస్త్రాన్ని సర్క్యులర్లతో నడపొచ్చన్న ఆలోచన మనవాళ్లది కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

మనవాళ్లు కొంచెం మర్యాదస్థులు. 2023లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అన్న పాఠం ఉత్త ‘అనువంశికత’గా మిగిలింది. పిల్లల మీద బరువు తగ్గించారట. మంచిదే. ఆ ఉత్తర్వు నకలు వరి రసం పీల్చే సుడిదోమకు మాత్రం ఎవరూ పంపినట్టు లేదు. ఒకప్పుడు ఇమిడాక్లోప్రిడ్ కొడితే జలజల రాలిన దోమ, ఆసియాలో చాలాచోట్ల ఆ మందుకు లొంగడం మానేసింది. “మందుకి అలవాటు పడిపోనాది బాబూ” అంటారు మా రైతులు. అలవాటు పడితే బాగానే ఉండును, మాన్పించొచ్చు. చచ్చేవి ఎప్పుడో చచ్చాయి. చావని నాలుగూ ఖాళీ అయిన చేలో హాయిగా సంసారం చేసుకున్నాయి. మనం మోతాదు పెంచి మళ్లీ వడకట్టాం.

జ్వరాల సంగతీ ఇంతే. మూడు రోజుల బిళ్లలిస్తే ఒక పూట మింగి, ఒళ్లు చల్లబడగానే మిగిలినవి చీరల పెట్టెలో దాస్తాం, మళ్లీ ఎవరికైనా పనికొస్తాయని. తక్కువ మోతాదు మింగితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. పాపం, ఆయన మా పెట్టెలు చూళ్లేదు.

ఇంత రాశాక, ఖండించబోయేదాన్ని ఒకసారి కళ్లారా చూద్దామని, ఉభాలై, అంటే నాట్లు పడి, ఇరవై రోజులైన మా మడిలో దిగాను. కలుపు తీస్తున్న పిన్నిని గుర్తేమిటని అడిగాను.

“ఆకు మొదట్లో చూడు బాబూ. వరికి ముక్కుపుడకంత తెల్ల పొర ఉంతాది. ఊదకి ఏటీ ఉండదు, బోసి.”

అంటే వేషంలో ముక్కుపుడక ఒక్కటే బాకీ అన్నమాట. నేనూ నడుం వంచి, చదువుకున్నవాడి శ్రద్ధతో ఒక్కో దుబ్బునూ పరీక్షించి, ఓ గుప్పెడు పీకి సగర్వంగా చూపించాను. పిన్ని ఒక్కొక్కటీ వేళ్లతో విప్పి చూసింది.

“ఇది వరి. ఇదీ వరే. ఇదీ... నువ్వు రాసుకోడానికే బావుంతావు గానీ, గట్టెక్కీ బాబూ.”

గట్టెక్కి చూస్తే, నేను వరనుకుని వదిలేసిన దుబ్బులు నాలుగు గాలికి తలూపుతున్నాయి. ఈపాటికి గింజ రాల్చే ఉంటాయి. వాటికి మాత్రం సిఫారసు నాదే.