లాంజ్ క్యూలో అప్పర్ క్లాస్

మా బావ అప్పర్ క్లాస్ అయిపోయాడు. ఇది నేనన్న మాట కాదు, తనే ప్రకటించాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో, తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకి, ఎయిర్‌పోర్టు లాంజ్‌లో సోఫా మీద కాలు మీద కాలేసుకున్న ఫొటో పెట్టి, కింద "ఇన్నాళ్లూ అప్పర్ మిడిల్ క్లాస్ అనుకున్నాం, ఇక ఆ మెట్టు కూడా దాటేశాం" అని రాశాడు. పదహారు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందులో ఒకటి నాది. ఆ పాపం కడుక్కోడానికే ఈ వ్యాసం.

అప్పర్ మిడిల్ క్లాస్‌కీ అప్పర్ క్లాస్‌కీ తేడా ఏమిటన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. మహామహులు దీని మీద జీవితాలు ధారపోశారు. కాకపోతే వాళ్లెవరికీ మా బావతో పరిచయం లేకపోవడం వల్ల పని అసంపూర్తిగా మిగిలిపోయింది. ఆ లోటు నేను తీరుస్తాను.

ముందు ఆ సోఫా దాకా సాగిన ప్రస్థానం చెప్పాలి. చెప్పే అర్హత నాకుంది, ఎందుకంటే ఆ ఫొటో తీసింది నేనే. బావని లాంజ్‌లోకి రానిచ్చే క్రెడిట్ కార్డు మీద ఒక గెస్టుకి ప్రవేశం ఉచితం. ఆ గెస్టుని నేను.

విమానం ఎనిమిదిన్నరకి. బావ నన్ను మూడింటికి లేపాడు. లాంజ్‌లో ఎంత ఎక్కువసేపు కూర్చుంటే కార్డు అంత గిట్టుబాటట. నేను నవ్వాను గానీ తను నవ్వలేదు, లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించాడు. ఒక గడిలో కార్డు వార్షిక ఫీజు, పక్క గడిలో ఏడాదికి ఎన్నిసార్లు లాంజ్‌కి వెళ్తాం, ఆ పక్కన ఒక్కోసారి ఎంత తింటాం, తాగుతాం. చివరి గడి ఎర్రగా ఉంది. అది ఆకుపచ్చగా మారాలంటే ఏడాదిలో పదకొండుసార్లు వెళ్లాలి, వెళ్లినప్పుడల్లా కనీసం ఇద్దరు మనుషుల తిండి తినాలి. పోయినేడాది ఒక ప్రయాణం కేవలం ఈ గడి కోసమే పెట్టుకున్నాడని మా చెల్లెలు తర్వాత నాతో చెప్పింది.

నాలుగున్నరకి లాంజ్ ముందుకి చేరాం. క్యూలో మాకు ముందు ముప్పై ఎనిమిది మంది అప్పర్ క్లాస్ వాళ్లు నిలబడి ఉన్నారు. ఇది మామూలు క్యూ అనుకోకండి. మామూలు క్యూలో మనుషులు క్యూలో ఉన్నామని ఒప్పుకుంటారు. ఇక్కడ ప్రతివాడూ ఊరికే ఆ గోడ పక్కన నిలబడాలనిపించి నిలబడినట్టు, యాదృచ్ఛికంగా ముందు ఒకడూ వెనక ఒకడూ ఉన్నట్టు ముఖం పెట్టాడు. కానీ పక్కనుంచి ఎవరైనా దూరబోతే మాత్రం ముప్పై ఎనిమిది సూట్‌కేసులు ఒక్కసారిగా అంగుళం ముందుకి జరిగేవి. కార్డులు రంగు కనపడేలా పట్టుకున్నారు. నల్ల కార్డువాడు వెండి రంగు కార్డువాణ్ణి జాలిగా చూశాడు, వెండి రంగు కార్డువాడు గెస్టుగా వచ్చిన నన్ను చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

కౌంటరు దగ్గర ఒక అమ్మాయి, మహా అయితే ఇరవై మూడేళ్లు ఉంటాయి, ఒక్కొక్కరి కార్డూ గీకి తీర్పు చెప్తోంది. చిత్రగుప్తుడు ఇంత త్వరగా చెప్తాడనుకోను. మాకు నలుగురి ముందు ఒకాయన, ఖరీదైన కోటు, ఖరీదైన గడియారం. ఆ అమ్మాయి మెల్లగా, "సర్, ఈ కార్డు మీద గత మూడు నెలల్లో సరిపడా ఖర్చు కాలేదు, ప్రవేశం కుదరదు" అంది. అంటే ఏమిటి? నువ్వు దుబారా సరిగ్గా చెయ్యలేదయ్యా అని. ఆయన ముందు వాదించాడు, తర్వాత నేనెవరో తెలుసా అన్నాడు, ఆ తర్వాత అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంటే నొక్కుతూ కూర్చున్నాడు. క్యూ మొత్తం ఆయన్ని దాటి వెళ్లిపోయింది. ఒక్కడు కూడా అయ్యో అనలేదు. అనరు. ఆయన స్థానంలో తాము లేనందుకు లోపల కొట్టుకుంటున్న గుండెని ముందు అదుపులో పెట్టుకోవాలి కదా.

లోపల సంగతి క్లుప్తంగా చెప్తాను. కుర్చీలు లేవు. చార్జింగ్ పెట్టుకునే చోటు కోసం ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు కొట్టుకునేంత పని చేశారు. బావ మూడుసార్లు పళ్లెం నింపాడు, నాలుగోసారి ఆకలి కోసం కాదు, ఆ ఎర్ర గడి కోసం. ఒక సోఫా ఖాళీ అయ్యేదాకా కాపు కాసి, ఖాళీ అయిన మరుక్షణం సంచీ విసిరి ఆక్రమించి, ఫొటో తీయమన్నాడు. నిజంగా తిన్న పళ్లేలు ఫ్రేములో పడకుండా మూడు కోణాలు మార్చాం.

అంతా అయ్యాక మైకులో బావ పేరు వినపడింది. ఇంటి పేరుతో సహా. చివరి పిలుపు, వెంటనే గేటు దగ్గరికి రావాలి అని. మూడింటికి లేచిన మనుషులం ఎనిమిదిన్నర విమానం కోసం పరిగెత్తాం, బావ జేబులో రెండు టిష్యూ పొట్లాలతో. గేటు దగ్గర రొప్పుతూ నాకు తట్టింది: అప్పర్ క్లాస్ వాళ్ల పేరు మైకులో పిలవరు. వాళ్ల విమానం వాళ్లొచ్చాకే కదులుతుంది. ఆ విమానం ఎక్కడ ఆగుతుందో కూడా మా బావకి తెలియదు, ఎందుకంటే అటువైపు క్యూ లేదు. క్యూ లేని చోటుని గుర్తుపట్టే శక్తి ఆయనకి పుట్టుకతో లేదు.

ఇక తేడా సంగతి. దీనికి నేను సోమవారం పరీక్ష అని పేరు పెట్టాను. వచ్చే సోమవారం నుంచి నువ్వు పనికి వెళ్లకపోతే ఎన్నాళ్లు ఇలాగే ఉంటావు? బావకి జవాబు తెలుసు, అదే ఎక్సెల్‌లో ఇంకో షీటులో దాచిపెట్టుకున్నాడు, ఇంట్లోవాళ్లు చూడకుండా పాస్‌వర్డ్ కూడా పెట్టాడు. ఐదు నెలలు. ఐదు నెలల తర్వాత ఇల్లు బ్యాంకుది, కారు ఇంకో బ్యాంకుది, కార్డు ఎలాగూ బ్యాంకుదే. అసలైన అప్పర్ క్లాస్ మనిషిని అదే ప్రశ్న అడిగితే, ఆ వచ్చేది సోమవారమా అంటాడు.

బావ మెడలో ఆఫీసు కార్డు చూశారా? సెలవు రోజున కూడా తీయడు. పెద్ద కంపెనీ, పెద్ద హోదా, నిజమే. కానీ మెడలో బిళ్ల ఎందుకు కడతారో పశువులు కాసేవాణ్ణి అడగండి. కంపెనీ యజమాని మెడలో అది ఉండదు, ఆయన్ని ఏ తలుపూ నువ్వెవరని అడగదు. బావ పక్క సీటులో పదహారేళ్లు పనిచేసిన మనిషికి ఒకరోజు పొద్దున ఆ కార్డు గీకితే తలుపు తెరుచుకోలేదు. మెయిల్ తర్వాత వచ్చింది. తలుపుకి ముందే తెలుసు.

1899లో వెబ్లెన్ అనే ఆర్థికవేత్త కలవాళ్ల గురించి రాస్తూ, పని చెయ్యనక్కర్లేదని పదిమందికీ కనపడేలా బతకడమే వాళ్ల హోదాకి గుర్తు అన్నాడు. మా బావ హోదాకి గుర్తు రోజుకి పద్నాలుగు గంటలు పని. "ఊపిరి పీల్చుకునే టైమ్ లేదురా" అని గర్వంగా చెప్తాడు. పెళ్లిళ్లలో చెప్తాడు, ఆస్పత్రిలో పడుకుని చెప్తాడు. పాపం పిల్లల పని ఇంకా ఘోరం. ఆస్తి అయితే వీలునామా రాస్తే సరిపోతుంది, డిగ్రీని వీలునామాలో రాయలేం కదా. నాన్న ఉద్యోగం పిల్లలకి రాదు, మళ్లీ మొదటి నుంచి ఎక్కాల్సిందే, అందుకే ఆ పసివాడికి ఏడేళ్లకే మంత్రిగారికున్నంత కార్యక్రమాల పట్టిక. అసలు కలవాళ్ల పిల్లలు కూడా చదువుకుంటారు. కానీ పరీక్ష పోతే వాళ్ల ఇంట్లో రాత్రి భోజనాలు మానరు.

పైకి ఎక్కడం ఎంత కష్టమో బావకి బాగా తెలుసు. పైనుంచి కింద పడటం ఎంత కష్టమో మాత్రం తెలియదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1427 నాటి పన్ను లెక్కలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఇద్దరు ఆర్థికవేత్తలు వాటిని 2011 పన్ను లెక్కల పక్కన పెట్టి ఇంటిపేర్లు పోల్చారు. 2011లో ఎక్కువ సంపాదిస్తున్న ఇంటిపేర్లు దాదాపు ఆరు వందల ఏళ్ల కింద కూడా పై వరసలోనే ఉన్నాయట. మధ్యలో ప్లేగులొచ్చాయి, యుద్ధాలొచ్చాయి, రాజ్యాలు మారాయి. ఇంటిపేర్లు అక్కడే కూర్చున్నాయి.

లండన్‌లో ఇంకా స్పష్టం. 1677లో పన్నెండేళ్ల పిల్లని ఒక దొరకిచ్చి పెళ్లి చేశారు. ఆమెతోపాటు ఊరి పడమటి పక్క బురద నేలలు, పచ్చిక బయళ్లు వచ్చాయి. ఇప్పుడు అవే మేఫెయిర్, బెల్‌గ్రేవియా అనే మహా ఖరీదైన పేటలు. ఆ వంశంలో 2016లో తండ్రి పోతే, 25 ఏళ్ల కుర్రాడు వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ అయ్యాడు, దాదాపు 900 కోట్ల పౌండ్ల ఆస్తితో. అక్కడ వారసత్వ పన్ను 40 శాతం, కానీ ఆస్తిలో ఎక్కువ భాగం ట్రస్టుల్లో ఉండటంతో దాని మీద ఆ పన్ను పడలేదు. ట్రస్టుల మీద పడేది పదేళ్లకోసారి, మహా అయితే 6 శాతం. నేనూ బావ ఎక్సెల్ లాంటిదే ఒకటి వేశాను. మా బావ 1677లో ఉద్యోగంలో చేరి, 2016 దాకా ఆదివారం కూడా సెలవు పెట్టకుండా, తిండి మానేసి, రోజుకి 72 వేల పౌండ్లకి పైగా దాచుకుంటూ పోతే ఆ కుర్రాడితో సమానం అవుతాడు. ఆ షీటు బావకి పంపలేదు. బీపీ ఉంది.

అప్పుల్లోనూ తేడా చూడండి. బావ అప్పు చేస్తాడు, కొంటాడు, తర్వాత ఇరవై ఏళ్లు కడతాడు. పైవాడూ అప్పు చేస్తాడు, కానీ లేక కాదు. షేర్లు అమ్మితే లాభం కనపడుతుంది, లాభం కనపడితే పన్ను పడుతుంది. అందుకని వాటిని అలాగే ఉంచి, వాటి మీద అప్పు తెచ్చుకుని బతుకుతాడు. అప్పు ఆదాయం కాదు, కాబట్టి పన్ను లేదు. అమెరికాలోనైతే ఆయన పోయిన రోజున ఆ షేర్లు అప్పటి ధరతో వారసులకి వెళ్తాయి, అప్పటిదాకా పెరిగిన లాభం మీద పడాల్సిన పన్ను ఆయనతోపాటే పోతుంది. అక్కడి వాళ్లు దీన్ని ముద్దుగా "కొను, అప్పు చెయ్యి, చచ్చిపో" అంటారు. బావ వీటిలో చివరి రెండూ చెయ్యగలడు.

ఆ రోజు లాంజ్‌లో జరిగిన ఒక సంగతి ఇందాక దాచాను. బావ నాలుగో పళ్లెం ముందు ఖాళీ పళ్లేలు పేరుకున్నాయి. తీసే ఆవిడ రావడం రెండు నిమిషాలు ఆలస్యమైంది. యాభై దాటిన మనిషి, రాత్రి డ్యూటీ, నడకలోనే తెలుస్తోంది మోకాళ్ల నొప్పని. "డబ్బులు కట్టి వచ్చేది ఈ చెత్త చూడటానికా? మీలాంటివాళ్లని పెట్టుకున్న వాణ్ణనాలి" అన్నాడు. ఆవిడ సారీ సర్ అని పళ్లేలు తీసుకుపోయింది. బావ వెంటనే ఫోన్ తీసి ఒక పిటిషన్ మీద సంతకం పెట్టాడు. ఏమిటని అడిగితే, వారసత్వ పన్నుకి వ్యతిరేకంగా అట. "కష్టపడి సంపాదించుకున్నవాళ్లని బతకనివ్వరురా" అన్నాడు.

ఎవరు బావా కష్టపడింది? 2011లో అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ తనే చెప్పుకున్నాడు, పన్ను కింద తను కట్టింది 17.4 శాతం అని, తన ఆఫీసులో మిగతా 20 మంది సగటున 36 శాతం కట్టారని. ఆ ఇరవై మందిలో ఒకడివి నువ్వు. అమెరికాలో అందరికంటే ధనవంతులైన 25 మంది సంపద 2014 నుంచి 2018 లోపల 40,100 కోట్ల డాలర్లు పెరిగిందని, ఆ ఐదేళ్లలో వాళ్లు కట్టిన ఆదాయపు పన్ను 1,360 కోట్లని 2021లో బయటికొచ్చింది. వందకి మూడున్నర కూడా లేదు. నీ జీతంలోంచి నీ చేతికి రాకముందే కోసేస్తారు కదా, అందులో ఎంత శాతమో నువ్వే చెప్పు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని ఆస్తి మీద పడని పన్నుకి నువ్వెందుకయ్యా గుండెలు బాదుకోవడం? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, మా గొర్రె కసాయి కత్తి మీద పన్ను వెయ్యొద్దని సంతకం కూడా పెట్టింది. ఆ పళ్లేలు తీసిన ఆవిడకీ నీకూ మధ్య దూరం ఒక మెయిల్. నీకూ ఆ పైవాడికీ మధ్య 339 ఏళ్లు. నువ్వు ఎవరి వైపు కూర్చున్నాననుకుని ఎవరి మీద అరిచావు? సిగ్గు లేదా?

ఇదంతా అక్కడ అన్నానా అంటే, అనలేదు. గెస్టుగా వెళ్లాను. ఇంకో కాఫీ తాగి ఊరుకున్నాను.

నిన్న బావ ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. బ్యాంకువాళ్లు నిబంధనలు మార్చారట, ఆయన కార్డు మీద లాంజ్ తీసేశారట. "ఎవడు పడితే వాడు వచ్చేస్తున్నాడురా, అందుకే ఇలా అయింది" అన్నాడు. కాసేపాగి, దీనికంటే పైది ఇంకో కార్డు ఉందని, ఫీజు కాస్త ఎక్కువే గానీ లెక్క వేస్తే పద్నాలుగు సార్లకి గిట్టుబాటు అవుతుందని చెప్పాడు. నన్ను కూడా తీసుకోమన్నాడు, నేను చేరితే తనకి పాయింట్లు వస్తాయట.

లింకు పంపాడు. ఇంకా తెరవలేదు.