తొంభై ఏళ్లకు అందిన 'సర్'

2025 జూన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో మూడో చార్లెస్ రాజు చేతుల మీదుగా బిల్లీ బోస్టన్ నైట్‌హుడ్ అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 90. ఆట మానేసి యాభై ఏళ్లు దాటింది. జ్ఞాపకశక్తిని తినేసే డిమెన్షియా బయటపడి కూడా చాలా ఏళ్లయింది. రగ్బీ లీగ్ పుట్టి 130 ఏళ్లయితే, ఆ ఆట ఆడి 'సర్' అనిపించుకున్న మొదటి మనిషి ఆయనే. సంతోషించాల్సిన వార్తే. కానీ ఆ 130 దగ్గర ఒక్క క్షణం ఆగకపోతే బోస్టన్ కథలో సగం మనకు అందదు.

మనకు రగ్బీ అంటే ఒకటే ఆట. ఇంగ్లండ్‌లో రెండున్నాయి: యూనియన్, లీగ్. మొదట ఉన్నది ఒకటే. యార్క్‌షైర్, లాంకషైర్ గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం మ్యాచ్‌కు పోతే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇవ్వనివ్వండని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. డబ్బు ముట్టుకుంటే ఆట మైలపడుతుందని పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఆ క్లబ్బులు వేరుకుంపటి పెట్టుకున్నాయి. అదే క్రమంగా పదమూడు మంది ఆడే రగ్బీ లీగ్ అయింది. అటు వెళ్లినవాడికి యూనియన్ తలుపులు జీవితాంతం మూసుకుపోయేవి. చివరికి 1995లో యూనియన్ కూడా ఆటగాళ్లకు జీతాలివ్వడానికి ఒప్పుకుంది. క్లైవ్ వుడ్‌వర్డ్‌కు 2004లో, ఇయాన్ మెక్‌గీకన్‌కు 2010లో, గారెత్ ఎడ్వర్డ్స్‌కు 2015లో నైట్‌హుడ్‌లు వచ్చాయి. ముగ్గురూ యూనియన్ వాళ్లే. వాళ్ల అర్హతను ప్రశ్నించడం లేదు. కూలి అడిగినవాళ్ల ఆట మాత్రం ఆ జాబితా తయారుచేసేవారి కంటికి ఆనలేదు.

బోస్టన్ 1934లో కార్డిఫ్ రేవు పక్కన టైగర్ బేలో పుట్టారు. తండ్రిది సియెర్రా లియోన్, ఓడల్లో పనిచేసేవాడు. తల్లి ఐరిష్ మూలాలున్న కార్డిఫ్ మనిషి. పదకొండు మంది సంతానంలో బిల్లీ ఆరోవాడు. కార్డిఫ్ క్లబ్బుకు, వేల్స్‌కు యూనియన్ ఆడాలన్నదే ఆ కుర్రాడి కోరిక. ఆట తీరు చూస్తే కార్డిఫ్ వాళ్లే ఇంటికొచ్చి పిలవాల్సింది. పిలవలేదు. 1980లు వచ్చేదాకా వేల్స్ యూనియన్ జట్టులో నల్లజాతి ఆటగాడే లేడు. కాబట్టి ఆ మౌనానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

1953లో సైన్యంలో తప్పనిసరి సర్వీసు చేస్తున్నప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్ అనే ఊరి లీగ్ క్లబ్బు పెద్దలు ఆయన ఇంటికొచ్చి బల్ల మీద వెయ్యి పౌండ్ల నోట్లు పరిచారు. కొడుకు వెళ్లడం ఇష్టంలేని తల్లి, ఎలాగూ కుదరదనుకుని, మూడు వేలిస్తేనే పంపుతానంది. వాళ్లు సరేనన్నారు. లీగ్‌లో సంతకం పెట్టాక వెనక్కి దారి లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన పుట్టిన ఊరి ఆటను అలా వదులుకున్నారు.

మొదటి జట్టుకు ఆడింది ఆరు మ్యాచ్‌లే. అంతలోనే 1954లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు వెళ్లే బ్రిటన్ జట్టులో చోటు దొరికింది. ఆ జట్టుతో పర్యటనకు వెళ్లిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆడిన 18 మ్యాచ్‌లలో 36 ట్రైలు చేశారు. అంటే బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం, సగటున మ్యాచ్‌కు రెండుసార్లు. మైదానం అంచుల్లో ఆడే వింగర్లు సాధారణంగా సన్నగా, చురుగ్గా ఉంటారు. బోస్టన్‌కు వేగంతో పాటు ఒంటి బలం కూడా ఉండేది. నలుగురు పట్టుకున్నా గీత దాకా లాక్కుపోయే కబడ్డీ రైడర్‌ను ఊహించుకోండి, వారం వారం విగన్ సెంట్రల్ పార్క్‌లో జరిగింది అదే. 1968 దాకా విగన్‌కు 488 మ్యాచ్‌లలో 478 ట్రైలు, మొత్తం కెరీర్‌లో 571. లీగ్ చరిత్రలో ఆయన కన్నా ముందున్నది బ్రయాన్ బెవాన్ ఒక్కరే.

నల్లవాణ్ణి యూనియన్ వద్దంది, లీగ్ అక్కున చేర్చుకుంది అని ఇక్కడితో కథ ముగించేస్తే హాయిగా ఉంటుంది. అది నిజంలో ఒక భాగమే. 1957లో ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్ ముగిశాక బ్రిటన్, ఫ్రాన్స్ జట్లు దారిలో దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడటానికి ఒప్పుకున్నాయి. అక్కడ వర్ణవివక్ష చట్టాల రాజ్యం. తెల్లవాళ్లతో కలిసి బోస్టన్ ఆడటానికి వీల్లేదు. లీగ్ పెద్దలు ఆ మ్యాచ్‌లు రద్దు చేయలేదు. జట్టు దక్షిణాఫ్రికా విమానం ఎక్కింది, బోస్టన్ ఒంటరిగా ఇంటికి వచ్చారు. జట్టులో ఒకడికి ప్రవేశం లేదంటే మిగతా వాళ్లం కూడా రామని చెప్పడానికి అసాధారణ ధైర్యమేం అక్కర్లేదు. అయినా ఆ మాట ఎవరి నోటా రాలేదు. లీగ్ అభిమానులు తమ ఆట ఉదారత గురించి గర్వంగా చెప్పుకున్నప్పుడల్లా ఈ ఒంటరి ప్రయాణం గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే అది గర్వం కాదు, మరుపు.

విగన్ జనం మాత్రం లండన్ గుర్తింపు కోసం ఆగలేదు. రిటైరయ్యాక ఆయన సెంట్రల్ పార్క్ దగ్గర్లోనే గ్రిఫిన్ అనే పబ్ నడిపారు, ఆ ఊళ్లోనే స్థిరపడిపోయారు. 2016లో ఊరి నడిబొడ్డున ఆయన విగ్రహం నిలిపారు. పుట్టిన ఊరికి ఇంకా సమయం పట్టింది. టైగర్ బే పరిసరాల జనమే ఉద్యమంగా పట్టుబట్టాక, 2023 జూలైలో కార్డిఫ్ బేలో బోస్టన్, గస్ రిస్మన్, క్లైవ్ సల్లివాన్‌ల విగ్రహాలు వెలిశాయి. ముగ్గురూ ఆ ఊరి బిడ్డలే, ముగ్గురూ ఆట కోసం ఉత్తరాదికి పోయినవాళ్లే.

1996లో బోస్టన్‌కు ఎంబీఈ ఇచ్చారు, అది నైట్‌హుడ్ కన్నా కింది స్థాయి గౌరవం. పాలకులకు ఆయన పేరు తెలియదని అనడానికి వీల్లేదన్నమాట. తెలిసి కూడా నైట్‌హుడ్‌కు 29 ఏళ్లు పట్టింది.

ఆ ఆలస్యం ఎంత ఖరీదైందో సల్లివాన్‌ను చూస్తే తెలుస్తుంది. 1972 ప్రపంచ కప్‌ను బ్రిటన్‌కు గెలిపించిన కెప్టెన్ ఆయన. ఏ క్రీడలోనైనా బ్రిటన్ జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన మొదటి నల్లజాతీయుడు కూడా ఆయనే. 1985లో, 42 ఏళ్లకే, క్యాన్సర్‌తో చనిపోయారు. హల్ నగరం తన ప్రధాన రహదారికి ఆయన పేరు పెట్టుకుంది. నైట్‌హుడ్ మరణానంతరం ఇవ్వరు. 1980ల చివర్లో బ్రిటన్ కెప్టెన్‌గా, 1994లో కోచ్‌గా పనిచేసిన ఎల్లెరీ హాన్లీకి 1990లో దక్కింది ఎంబీఈ. గౌరవాల కమిటీ ముందు లీగ్ పేర్ల వరుస పెద్దదే ఉంది. అందులో బతికున్నవాళ్ల పేర్లు ముందు చూడాలి, వాళ్లకు తొంభై నిండేదాకా ఆగకూడదు.