బిళ్ళగన్నేరుకి బలం మందు

కనిగిరి, ఉదయగిరి వైపు రోడ్డు పక్క కంకరలో బిళ్ళగన్నేరు ఏ టానిక్కూ లేకుండా ఏడాది పొడవునా పూస్తుంది. మేకలు కూడా ముట్టవు. ఇంత క్రమశిక్షణ లేని మొక్కని ఎన్నాళ్లని ఊరుకుంటాం? అందుకే ఆకూ వేరూ అమ్ముకునే పంటగా మడిలో పెట్టి, తడి మీద తడి ఇచ్చి, ఆకు పసుపెక్కగానే పురుగుమందుల కొట్టు ముందు హాజరుపరుస్తున్నాం. అక్కడి తీర్పుకి అప్పీలు లేదు: “ఏం కాదబ్బయ్యా, మైక్రో తగ్గింది. ఇది కొట్టు.” మైక్రో అంటే సూక్ష్మపోషకాలు.

ఏ ఆకు పసుపైందని మాత్రం అడగరు. అడిగితే బేరం చెడుతుంది. లేతాకు పాలిపోయి ఈనెలు పచ్చగా నిలిస్తే ఇనుము లోపం. సున్నపు నేలల్లో ఇది మామూలే. ముదురాకు మొత్తం పసుపైతే ముందు చూడాల్సింది నత్రజని. చిగురు మాడి మొగ్గ రాలితే బోరాన్‌ని అనుమానించాలి. నీళ్లు నిలిచి వేరు కుళ్లితే? అప్పుడు పైన ఏం కొట్టినా ఆకు తడుస్తుంది, అంతే.

ఇక యజ్ఞం. 16 లీటర్ల ట్యాంకులో అన్నభేది (ఇనుము సల్ఫేటు), జింకు సల్ఫేటు, బోరాక్సు, డీఏపీ ఎరువు తేట, పైన పైరు దోమకి కొట్టే మందు. డీఏపీలోని భాస్వరం జింకునీ ఇనుమునీ పట్టుకుని అడుక్కి దిగుతుంది. బోరాక్సు క్షారానికి మిగిలిన ఇనుము తుప్పు రంగుకి తిరుగుతుంది. నాజిల్ పూడుతుంది. దాన్ని నోటితో ఊదుతారు. పోషకాలూ దోమ మందూ అలా రైతుకి కూడా అందుతాయి.

లోపం నిజంగా ఇనుముదే అయితే పని చిన్నది. లీటరుకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. ట్యాంకుకి 80 గ్రాములు, 16 గ్రాములు. ముందు నిమ్మ ఉప్పు కరగాలి. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకులుగా ఉండాలి, గోధుమరంగు పొడి అయితే డబ్బు తుప్పుకి పెట్టినట్టే. ఎండ దిగాక కొట్టాలి. ఇనుము పాతాకు నుంచి కొత్త చిగురుకి కదలదు కనుక 10 రోజులకి మళ్లీ కొట్టాలి. జింకు అవసరమైతే వేరే రోజు, జింకు సల్ఫేటు లీటరుకి 2 గ్రాములు. మోతాదు మించితే ఆకు అంచులు మాడతాయి. దాన్నీ కొట్టులో మరో లోపంగానే చదువుతారు.

కొనేవాడు తూచేది ఎండిన ఆకునీ వేరునీ. వాట్సాప్‌లో మెరిసే పువ్వుకి కాటా మీద బరువు లేదు. పిచికారీ పనిచేసిందో లేదో తేలాలంటే రెండు సాళ్లు మందు కొట్టకుండా వదిలి, వాటి ఎండుటాకు విడిగా తూచాలి. ఆ సాళ్లని కొట్టువాడి కంట పడనీయకండి, వాటికీ ఏదో ఒకటి రాసిస్తాడు.